జానెడు దూరం అని ఎవరూ చెప్పలేదు

ఎడిటర్ గారికి నమస్కారం.

పది రోజుల కిందట మీ జిల్లా పేజీలో పెట్రోలు బంకులో బైకు అంటుకున్న వార్త వేశారు. హెడ్డింగులోనే సెల్‌ఫోన్ వల్ల మంటలని తేల్చేశారు. లోపల వార్త రెండుసార్లు చదివాను, ఫోన్ వల్లే అని ఎవరు చెప్పారో, ఎలా తెలిసిందో ఒక్క ముక్క లేదు. ఆ కుర్రాడి చేతిలో ఫోన్ ఉంది, మంట లేచింది, కాబట్టి ఫోనే కారణం అనుకున్నారు. మీ మీద కోపంతో రాయడం లేదు, మా ఇంటికి ముప్పై ఏళ్లుగా మీ పేపరే వస్తోంది. కానీ ఫోన్‌తో నిజంగా జాగ్రత్త పడాల్సిన చోట మనకు ఎవరూ ఏమీ చెప్పరు, అసలు కారణం వేరే ఉన్న చోట మాత్రం నింద దాని మీదికి తోసేస్తాం. చివరికి జనం ఏ బోర్డునూ నమ్మని స్థితికి వచ్చారు. అందుకే కాస్త పెద్దదైనా ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను 24 ఏళ్లుగా బల్క్‌డ్రగ్ ఫ్యాక్టరీల్లో, అంటే మందుల ముడిసరుకు తయారుచేసే చోట, ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్‌ని. ట్రాన్స్‌మిటర్లు, గ్యాస్ డిటెక్టర్లు, ప్యానెళ్ల మధ్యే నా బతుకు. అయినా ఈ విషయం నాకు గట్టిగా తగిలింది మా ఇంటి వసారాలో.

మా అమ్మకు 71 ఏళ్లు. ఎనిమిది నెలల కిందట వైజాగ్‌లో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో పేస్‌మేకర్, అంటే గుండె సరిగ్గా కొట్టుకునేలా చూసే పరికరం, పెట్టారు. ఎడమ వైపు కంటె ఎముక కింద, చర్మం లోపల అగ్గిపెట్టె కన్నా చిన్న డబ్బా. ఆపరేషన్ బాగా చేశారు, దాంట్లో వంక పెట్టను. డిశ్చార్జి రోజు పదకొండు పేజీల కాగితాలు ఇచ్చారు, అన్నీ ఇంగ్లీషులోనే. మాత్రలు ఎప్పుడు వేసుకోవాలో, కుట్లు తడవకుండా ఎలా చూసుకోవాలో, చెయ్యి భుజం పైకి ఎన్నాళ్లు ఎత్తకూడదో సిస్టర్ నోటితో చెప్పారు. ఫోన్ గురించి ఎవరూ ఏమీ అనలేదు. నేనూ అడగలేదు.

నెలన్నర గడిచింది. ఒక సాయంత్రం వసారాలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తుంటే అమ్మ ఫోన్ మోగింది. అమ్మ పైట కొంచెం పక్కకు జరిపి జాకెట్లోంచి ఫోన్ తీసింది. ఎడమ వైపు నుంచి. కుట్ల మచ్చకు రెండు వేళ్ల కింద. మన ఊళ్లలో ఆడవాళ్లు చిల్లర సంచీ, ఫోనూ పెట్టుకునే చోటే అది, మా అమ్మమ్మ పొగాకు కాడ కూడా అక్కడే దోపుకునేది. దానికి తోడు ఆ ఫోన్‌కి పుస్తకంలా తెరుచుకునే కవరు, మూత పడగానే టక్కున అతుక్కునే బొత్తాం. నాకు అనుమానం వచ్చి అమ్మ మెళ్లో గొలుసుకున్న పిన్నీసు తీసి ఆ బొత్తాం దగ్గర పెట్టాను. ఎగిరి అతుక్కుంది. అయస్కాంతం.

"అమ్మా, ఎన్నాళ్ల నుంచి ఇక్కడ పెట్టుకుంటున్నావ్?" అన్నాను.

"ఎప్పట్నించో రా, ఇంకెక్కడ పెట్టుకోమంటావ్?" అంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పేస్‌మేకర్‌లో అయస్కాంతాన్ని గుర్తుపట్టే చిన్న స్విచ్చు కావాలనే పెడతారు, డాక్టర్లు పరీక్ష చేసేటప్పుడు దాన్ని వాడుకుంటారు. అయస్కాంతం దగ్గరికి రాగానే పేస్‌మేకర్ గుండె మాట వినడం మానేసి, దానికి ముందే పెట్టిన ఒకే వేగంతో కొట్టుకుంటూ పోతుంది. తీసేస్తే మళ్లీ మామూలైపోతుంది. చాలామందికి దీనివల్ల వెంటనే ప్రాణం మీదికి రాదు, గుండె దడ, కళ్లు తిరగడం లాంటివి రావచ్చు. కానీ ఐసీడీ అని ఇంకో పరికరం ఉంది, గుండె లయ తప్పి ప్రాణం పోయే పరిస్థితి వస్తే లోపలి నుంచే షాక్ ఇచ్చి కాపాడేది. దాని మీద అయస్కాంతం ఉన్నంతసేపూ చాలావరకు ఆ షాక్ ఇవ్వడం ఆగిపోతుంది. మేలుకుని ఉండాల్సిన వేళకే అది నిద్రపోయినట్టు. 2021లో అమెరికాలోని మిషిగాన్‌లో హెన్రీ ఫోర్డ్ ఆస్పత్రి డాక్టర్లు ఇదే చూపించారు. ఐఫోన్ 12 వెనక చార్జింగ్ కోసం అయస్కాంతాల చుట్టు ఉంటుంది, ఆ ఫోన్‌ని ఐసీడీ ఉన్న మనిషి ఛాతీ మీద పెడితే పరికరం షాక్ పని ఆపేసింది. అదే ఏడాది మందులు, వైద్య పరికరాల మంచిచెడ్డలు చూసే అక్కడి ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ కూడా ఫోన్లనీ స్మార్ట్‌వాచీలనీ ఇలాంటి పరికరాలకు ఆరంగుళాలు, అంటే 15 సెంటీమీటర్లు, దూరంగా ఉంచమంది.

ఆరంగుళాలంటే ఎంత? జానెడు కన్నా తక్కువే! బొటనవేలు నుంచి చిటికెన వేలు దాకా చెయ్యి చాపితే సరిపోతుంది. ఇంత చిన్న మాటను మా అమ్మకు చెప్పడానికి అర నిమిషం చాలు. చెక్‌అప్‌కి వెళ్లినప్పుడు డాక్టరు గారిని అడిగితే "అవునండీ, దూరంగా పెట్టుకోవాలి, ఆ కవరు తీసేయండి" అన్నారు, పరికరం చూసి అంతా బాగానే ఉందన్నారు. సంతోషం. కానీ ఆ మాట నేను అడిగితే వచ్చింది. అడగడం తెలియని ఇల్లు ఎన్ని ఉంటాయో?

అందుకని నేను తెలుసుకున్నవి ఇక్కడ రాస్తున్నాను, ఇంట్లో పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే ఈ ముక్క చించి దాచుకోండి. ఫోన్ మాట్లాడటం మానక్కర్లేదు, పరికరం ఎడమన ఉంటే కుడి చెవి దగ్గర పెట్టుకుని మాట్లాడాలి. మగవాళ్లయితే చొక్కా జేబులో వద్దు, ప్యాంటు జేబులో పెట్టుకోండి. వైర్ లేకుండా చార్జింగ్ పెట్టే బిళ్ల వాడేటప్పుడు ఒక అడుగు దూరం కావాలి, మూరెడు అనుకుంటే ఇంకా నిశ్చింత. చెవిలో పెట్టుకునే బడ్స్ పెట్టె మూతలో కూడా అయస్కాంతం ఉంటుంది, మనవడు తన బడ్స్ పెట్టె తెచ్చి తాతయ్య జేబులో పడేస్తే అది కూడా లెక్కే. ఇండక్షన్ స్టవ్‌కి రెండడుగులు ఎడంగా నిలబడాలి, గిన్నె మీదికి వంగి కలపకూడదు. గుళ్లోనో మాల్‌లోనో మెటల్ డిటెక్టర్ గుమ్మం దాటేటప్పుడు ఆగకుండా మామూలుగా నడిచిపోవాలి, చేతి డిటెక్టర్‌ని ఛాతీ మీద ఆడించబోతే ఆస్పత్రి ఇచ్చిన కార్డు చూపించి వద్దనాలి. ఇక టీవీ రిమోటు, మిక్సీ, ఫ్రిజ్ చూసి భయపడేవాళ్లూ ఉన్నారు. మంచి కండిషన్‌లో ఉన్నవాటిని మామూలుగా వాడుకోవడానికి భయం అక్కర్లేదు. మా పెద్దమ్మ పేస్‌మేకర్ పెట్టించుకున్నాక ఏడాది పాటు మిక్సీ ముట్టలేదు, రోట్లోనే రుబ్బుకుంది పాపం.

ఇప్పుడు ఆస్పత్రి లోపలి మాట. వేసవిలో మా బాబాయి ఒక చోట ఐసీయూలో ఉంటే నేను రాత్రిళ్లు కాపలా ఉన్నాను. పక్క మంచం దగ్గర ఉన్న కుర్రాడు ఫోన్ చార్జింగ్ అయిపోతోందని గోడకున్న ప్లగ్గుల్లో ఒకటి పీకి తన చార్జర్ పెట్టాడు. అతను పీకింది సిరంజి పంపుది. అది బ్యాటరీ మీద నడుస్తూ కాసేపటికి కుయ్ కుయ్ మని అరవడం మొదలుపెట్టింది. సిస్టర్ పరుగున వచ్చి చూసి, గట్టిగా అరవబోయి, అతని మొహం చూసి ఆగిపోయింది. వాళ్ల నాన్నకు మందు ఎక్కిస్తున్న పంపే అది, అతనికి ఆ సంగతి తెలియదు. తెలిస్తే పీకేవాడా? గోడ మీద బోర్డు మాత్రం ఉంది, సెల్‌ఫోన్ మీద ఎర్ర గీత గీసిన బొమ్మ. ఆ బొమ్మ కింద నిలబడే డాక్టర్లు, సిస్టర్లు, మేమూ అందరం ఫోన్లు మాట్లాడుతున్నాం.

నిజానికి ఇప్పటి 4జీ ఫోన్ పంపే శక్తి మహా అయితే 0.2 వాట్లు. పాత 2జీ ఫోన్లు 2 వాట్ల దాకా పంపేవి, కాల్ వచ్చే ముందు టీవీ స్పీకరు టర్ టర్ మనేది గుర్తుందా, దాని చలవే అది. స్పీకరు తీగ పట్టుకున్న ఆ తరంగాన్నే యంత్రం లోపలి తీగలు కూడా పట్టుకోగలవు. కొత్త యంత్రాలకు రక్షణ ఎక్కువ, కొత్త ఫోన్లకు శక్తి తక్కువ, అందుకే చాలా ఆస్పత్రులు పూర్తి నిషేధం వదిలేశాయి. అయితే అదే ఐసీయూ తలుపు దగ్గర గార్డు చేతిలో ఉండే వాకీటాకీ 4, 5 వాట్లు. ఫోన్ కన్నా ఇరవై రెట్లు ఎక్కువ! రోగి బంధువుల ఫోన్లు లాక్కునే గార్డు, వెంటిలేటర్ పక్కన నిలబడి వాకీటాకీ నొక్కి "లిఫ్ట్ పంపించు" అంటాడు. అతని తప్పేం లేదు, అతనికీ ఎవరూ చెప్పలేదు.

వస్తువుల లెక్క కోసం వాటికి అంటించిన చిప్పులను తరంగాలతో చదివే ఆర్ఎఫ్ఐడీ రీడర్లు కూడా అంతే. 2008లో ఆమ్‌స్టర్‌డామ్‌లో పరిశోధకులు ఐసీయూ యంత్రాల పక్కన వాటిని పెట్టి 123 సార్లు పరీక్షించారు. 34 సార్లు యంత్రాలు తేడాగా ప్రవర్తించాయి, అందులో 22 రోగికి ప్రమాదకరమైనవేనని తేల్చారు. పరీక్ష చేసినప్పుడు రోగులెవరినీ వాటికి కలపలేదు, అది వేరే మాట. ఇక్కడ కూడా మందు దూరమే. దూరం రెట్టింపైతే తరంగం బలం సగమైపోతుంది. ఐసీయూలో ఫోన్ మాట్లాడక తప్పకపోతే యంత్రానికి బారెడు అవతలికి జరగండి, ఫోన్‌ని మంచం మీద పంపు పక్కన పడేయకండి. సిగ్నల్ అందని మూల అయితే ఫోన్ ఇంకా గట్టిగా అరుస్తుంది, అంటే ఎక్కువ శక్తితో పంపుతుంది, కాబట్టి బయట వరండాలోకి వెళ్లడమే మంచిది.

వాకీటాకీ సంగతి నేను ఊరికే చెప్పడం లేదు, నా కళ్లతో చూశాను. కొన్నేళ్ల కిందట ఒక ఫ్యాక్టరీలో సాల్వెంట్ (రసాయనాలను కరిగించడానికి వాడే ద్రవం) ట్యాంకు నింపుతుంటే కంట్రోల్ రూమ్ స్క్రీన్ మీద లెవల్ 62 శాతం నుంచి ఒక్కసారి 90 దాటింది, పంపు ట్రిప్ అయింది, అంటే దానంతట అదే ఆగిపోయింది. ట్యాంకు దగ్గరికి వెళ్లి చూస్తే 62 దగ్గరే ఉంది. మళ్లీ స్టార్ట్ చేశాం, పావుగంటకు మళ్లీ ట్రిప్. లెవల్ కొలిచి పంపే ట్రాన్స్‌మిటర్ మార్చాం, కార్డు మార్చాం, రెండు గంటలు తలలు పట్టుకున్నాం. చివరికి మాతో ఉన్న పాత ఆపరేటర్ కనిపెట్టాడు. కింద జంక్షన్ బాక్సు మూత ఎవరో తీసి పెట్టి వెళ్లారు, లోపల బయటి తరంగాలను ఆపే కేబులు షీల్డు తీగ ఎర్తింగ్ నుంచి ఊడి వేలాడుతోంది. ఫీల్డు కుర్రాడు సరిగ్గా ఆ బాక్సుకి ఆనుకుని వాకీటాకీలో మాట్లాడినప్పుడల్లా రీడింగ్ ఎగురుతోంది. బటన్ నొక్కితే 90, వదిలితే 62. నొక్కి వదిలి, నొక్కి వదిలి పదిసార్లు చూశాం, నవ్వు రాలేదు ఎవరికీ. ఎందుకంటే ఆ రోజు అది పైకి ఎగిరింది కాబట్టి పంపు ఆగింది. కిందికి పడి ఉంటే పంపు ఆగేది కాదు, ట్యాంకు పొర్లేది. టొలీన్ లాంటి సాల్వెంట్ 4 డిగ్రీల దగ్గరే మండే ఆవిరి ఇస్తుంది, మన ఎండలకు ఎంత ఆవిరి లేస్తుందో మీరే ఊహించండి. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లో సాల్వెంట్ ఆవిరి కమ్ముకుని పేలి 17 మంది పోయారు. దానికీ ఫోన్‌కీ సంబంధం లేదు. కానీ ఆవిరి అంటూ ఒకసారి కమ్మాక నిప్పు ఎక్కణ్నించి వచ్చిందన్నది ఆఖరి లెక్క.

ఫ్యాక్టరీల్లో మామూలు ఫోన్ ఎందుకు వద్దంటారంటే సిగ్నల్ వల్ల కన్నా అందులోని బ్యాటరీ వల్ల. సాల్వెంట్ ఆవిరి అంటుకోవడానికి మిల్లీజౌల్ అనే చిన్న శక్తి కొలతలో నాలుగో వంతు నిప్పు చాలు, హైడ్రోజన్‌కైతే అందులో పదో వంతు కూడా అక్కర్లేదు. కిందపడి పగిలిన ఫోన్, షార్ట్ అయిన బ్యాటరీ అంతకు ఎన్నో రెట్లు ఇవ్వగలవు. అందుకే అలాంటి చోట్లకు ప్రత్యేకంగా తయారుచేసిన ఫోన్లు, వాకీటాకీలు ఉంటాయి, వాటి మీద ఎక్స్ (Ex) గుర్తు ఉంటుంది, లోపల ఎంత షార్ట్ అయినా ఆవిరిని అంటించేంత నిప్పు పుట్టకుండా కడతారు. అయితే ఆ గుర్తు చూసి నిశ్చింతగా ఉండటానికి లేదు. ఏ గ్యాసుకి, ఏ జోన్‌కి (ఆవిరి ఎంత తరచుగా ఉంటుందో బట్టి విడదీసిన చోటుకి) ఇచ్చిన సర్టిఫికెటో చూడాలి. బ్యాటరీ పోయిందని బజార్లో దొరికేది వేయిస్తే, పగిలిన మూతకు టేపు వేస్తే ఆ సర్టిఫికెట్ పోయినట్టే. దాన్ని ఆవిరి ఉన్నచోట చార్జింగ్ పెట్టకూడదు. ఇవన్నీ తెలిసిన ఆఫీసర్లు కూడా చేతికి స్మార్ట్‌వాచీ పెట్టుకుని ట్యాంకర్ అన్‌లోడింగ్ దగ్గరికి వచ్చేస్తారు. ఫోన్ గేటు దగ్గర ఇచ్చాం కదా అంటారు. వాచీలో ఉన్నదీ బ్యాటరీయే.

కాంట్రాక్టు కుర్రాళ్ల సంగతి ఇంకా కష్టం. గేటు దగ్గర ఫోన్ వద్దంటారు, పెట్టుకోవడానికి లాకరు ఉండదు. షెడ్డులో వదిలితే సాయంత్రానికి ఉంటుందన్న నమ్మకం లేదు, ఆ ఫోన్‌కి ఇంకా వాయిదాలు కడుతున్నారు. ఇంటి దగ్గర భార్య నిండు చూలాలు, ఏ క్షణాన ఫోన్ వస్తుందో తెలియదు. ఏం చేస్తాడు? క్యారేజీ సంచిలో అడుగున పెట్టి తెస్తాడు, లేదా బూటులో సాక్సు లోపల. నేను ఒకసారి ఒకణ్ని పట్టుకున్నాను, పందొమ్మిదేళ్లు ఉంటాయి, డ్రమ్ముల దగ్గర వంగితే బూటులోంచి వెలుగు కనిపించింది. రిపోర్టు రాయలేదు. వాణ్ని బయటికి తీసుకెళ్లి కూర్చోబెట్టి, ఎందుకు వద్దంటున్నారో పావుగంట చెప్పాను. "ఇది ముందే చెప్పుంటే తెచ్చేవాణ్ని కాదు సార్" అన్నాడు. నేను నమ్మాను. గేటు దగ్గర నంబరు వేసిన చిన్న లాకర్లు, ఇంటివాళ్లు అత్యవసరానికి చేయడానికి ఒక ల్యాండ్‌లైన్ నంబరు, ఆ కబురు పది నిమిషాల్లో మనిషికి అందేలా ఒక ఏర్పాటు, ఇంతే అడుగుతున్నాను యాజమాన్యాలను.

ఇక మీ వార్తలోని బంకు. పెట్రోలు నింపేటప్పుడు జరిగిన మంటల వివరాలు అమెరికాలో పెట్రోలియం ఎక్విప్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ ఏళ్ల తరబడి సేకరించింది. ఫోన్ వల్లే అని తేలిన ఘటన వాళ్లకు ఒక్కటీ దొరకలేదు. ఎక్కువగా తేలింది మనిషి ఒంట్లో చేరే స్టాటిక్ కరెంటు. పైపు ట్యాంకులో ఉండగా కారులోకి వెళ్లి సీట్లో కూర్చుని, బట్టలు రాసుకుని, మళ్లీ దిగి నాజిల్ ముట్టుకుంటే చిటుక్కుమంటుంది, ఆ చిటుకు చాలు. అందుకని బంకులో బండి మీద నుంచి దిగండి, పిల్లల్ని ముందు ట్యాంకు మీద కూర్చోబెట్టి పోయించకండి, ప్లాస్టిక్ సీసాల్లో పట్టించకండి. ఫోన్ కూడా వాడకండి, ఆ నియమం తప్పని నేననడం లేదు. మన ఫోన్లు ఆవిరి మధ్య వాడటానికి కట్టినవి కావు, పైగా ఫోన్ చూస్తున్నవాడికి పెట్రోలు పొర్లేది కనపడదు. కానీ మిషన్ మీదే ఫోన్ వద్దని బోర్డు, దాని పక్కనే స్కాన్ చేయమని క్యూఆర్ కోడ్! ఏది నమ్మాలి జనం? ఆ కోడ్‌ని మిషన్ మీద నుంచి తీసి దూరంగా గది గోడకు అంటించండి. ఖర్చు లేని పని.

క్వారీల్లో కరెంటుతో పేల్చే డిటోనేటర్ల తీగలు యాంటెన్నాలా తరంగాలను పట్టుకుంటాయి, అక్కడ పేల్చే మనిషి చెప్పినంత దూరంలో ఫోన్, వాకీటాకీ కట్టేయాల్సిందే, దాని మీద వాదన లేదు.

గ్యాస్ లీకు గురించి ఒక్క మాట చెప్పి ఆపేస్తాను. 2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలో నగరం ఊళ్లో పైపులైన్ లీకై ఇరవై మందికి పైగా ఎలా పోయారో మనకు తెలుసు. ఇప్పుడు ఎక్కడ గ్యాస్ తన్నినా పది మంది ఫోన్లు ఎత్తి వీడియో తీస్తూ దగ్గరికి వెళ్తున్నారు. ఇంట్లో సిలిండర్ వాసన వస్తే అక్కడే నిలబడి ఫోన్ చేస్తున్నారు. అలా వద్దు. రెగ్యులేటర్ కట్టేయండి, తలుపులు తీయండి, స్విచ్చులు ముట్టుకోకండి, వీధిలోకి వచ్చాక 1906కి ఫోన్ చేయండి.

మీ పేపరుకి నా మనవి రెండే. కారణం తేలకుండా ఫోన్ మీద హెడ్డింగు పెట్టకండి. పేస్‌మేకర్ జాగ్రత్తలు ఒక డాక్టరు గారి చేత రాయించి, అరచేయంత పెట్టెలో, ముసలివాళ్లకు కనపడే అక్షరాల్లో ఒకసారి వేయండి. డిశ్చార్జి రోజు తెలుగు కాగితం ఒకటి చేతిలో పెట్టమని ఆస్పత్రులను కూడా మీరు అడిగితే వింటారు.

మా అమ్మ ఇప్పుడు ఫోన్ రొంటిన దోపుకుంటోంది, కవరు పీకి పడేశాను. మొన్న పక్కింటి మామ్మగారి చెల్లెలికి పేస్‌మేకర్ పెట్టారని తెలిసి చూడటానికి వెళ్లాం. ఆవిడ ఫోన్ కూడా జాకెట్లోనే ఉంది. నేను నోరు తెరిచేలోపే మా అమ్మ ఆవిడ ఛాతీ దగ్గర జాన చాపి కొలిచి, "ఇంత దూరం వదినా, ఇంత" అని చూపించింది.

ఇట్లు,
మీ పాఠకుడు,
అనకాపల్లి జిల్లా.